ఎవరు చంపారో ఊరికి తెలుసు

నవ్విస్తూ హత్య కథ నడిపే టీవీ సీరియల్ తెలుగులో ఎందుకు కుదురుకోలేదని అడిగితే మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. రాసేవాళ్లు లేరన్నది ఒకటి. మన ఇళ్లలో అత్తాకోడళ్ల ఏడుపులు తప్ప ఇంకేవీ చూడరన్నది రెండోది. రెండూ చానళ్ల ఆఫీసుల్లో పుట్టిన మాటలే. మొదటిది నిజం కాదు, రెండోది చూసేవాళ్లని చిన్నబుచ్చే మాట. చూసేవాళ్లు ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ మొహం చిట్లిస్తున్నారో గమనిస్తే మూడో జవాబు ఒకటి దొరుకుతుంది. మన ఊళ్లలో హత్య ఎలా జరుగుతుంది, జరిగాక ఎవరు నోరు విప్పుతారు అన్నదాంతో అది ముడిపడి ఉంది.

ఈ ప్రశ్నని హైదరాబాదు నుంచి కాకుండా పర్చూరు నుంచి చూడటంలో ఒక లాభం ఉంది. చిలకలూరిపేటకీ చీరాలకీ నడుమ, నల్లరేగడి నేలలో పత్తి, మిరప, శనగ, పొగాకు పండించే ఊరిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా గుంటూరులో ఉండేది. ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి ఊరు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ సీరియల్ మీద అసలు తీర్పు టీవీ ముందు రాదు, మర్నాడు చేలో వస్తుంది. మిరప కోతలప్పుడు వరసల్లో వంగి కాయ కోసేవాళ్లు, కళ్లంలో కూర్చుని తాలు ఏరేవాళ్లు రాత్రి కథ చెప్పుకుంటారు. చూడనివాళ్లకి చూసినవాళ్లు చెబుతారు. చెప్పేటప్పుడు నచ్చనిది తీసేస్తారు, చాలనిది కలుపుతారు. కథలో మెలిక గట్టిది కాకపోతే మధ్యాహ్నం క్యారేజీ మూత తీసేలోపే తేలిపోతుంది. పత్రికలిచ్చే చుక్కల కన్నా ఇది కఠినమైన పరీక్ష.

పుస్తకాల కాలంలో ఈ రుచికి లోటు లేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు రెండు మూడు తరాల పాఠకులకి ఇంటి మనుషులంత పరిచయం. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం పెద్ద గ్రంథాలకి పేరు మోస్తే, అపరాధ పరిశోధన నవల మాత్రం బస్టాండు బంకుల్లో, అద్దె పుస్తకాల కొట్లలో బతికింది. ముందు చదివినవాడు మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్సిలుతో రాసి తిరిగిచ్చే అల్లరి గురించి ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకుముందు నుంచే మర్యాద రామన్న తీర్పులున్నాయి, తెనాలి రామకృష్ణుడి ఉపాయాలున్నాయి. చందమామలో విక్రమార్కుడు దశాబ్దాల పాటు భుజాన శవాన్ని మోస్తూ చిక్కు ప్రశ్నలకి జవాబులు చెప్పాడు. శవమే కథ చెప్పి శవమే ప్రశ్న వేస్తుంటే పిల్లలు జడుసుకోలేదు, పై నెల సంచిక కోసం ఎదురుచూశారు. ఇలాంటి జనానికి మెదడుకి మేత పెట్టే కథ అక్కర్లేదనడం విడ్డూరం.

అయితే ఇందులో ఒక తేడా ఉంది. మర్యాద రామన్న తేల్చేవి ఎక్కువగా దొంగతనాలు, అప్పుల తగాదాలు, పంపకాల పేచీలు. తేల్చి నవ్వించవచ్చు, పోయిన సొమ్ము తిరిగొస్తుంది కాబట్టి. యుగంధర్ ముందుకొచ్చే శవాలు పట్నం శవాలు. మన వీధిలో మనిషి చనిపోయి, మన ఎదురింటివాడే హంతకుడై, దాన్ని నవ్వుతూ చదివే కథ ఆ సంప్రదాయంలో అరుదు.

1986లో వచ్చిన చంటబ్బాయ్ ఈ తేడాని బాగా పట్టుకుంది. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన సినిమా అది. జేమ్స్ పాండ్‌నని చెప్పుకు తిరిగే డిటెక్టివ్‌గా చిరంజీవి. ఖైదీ తర్వాత ఫైట్ల కోసం హాలుకొచ్చే అభిమానికి ఇది మింగుడుపడలేదు. అప్పట్లో అనుకున్నంత ఆడలేదు. తర్వాత టీవీలో వేసిన ప్రతిసారీ కొత్త అభిమానుల్ని సంపాదించుకుంది. ఇవాళ దాన్ని తలుచుకునేవాళ్లు కేసుల వివరాలు చెప్పరు. ఆడవేషం గురించి, చాప్లిన్ వేషం గురించి, కవితలతో పత్రికవాళ్ల ప్రాణం తీసే శ్రీలక్ష్మి గురించి చెబుతారు. అంటే నవ్వు పరిశోధకుడి మీద పుట్టింది, చుట్టుపక్కల మనుషుల మీద పుట్టింది. శవం మీద పుట్టలేదు. తర్వాత తెలుగులో ఈ దారిలో నెగ్గినవన్నీ ఇంచుమించు ఇదే కొలతలో కుట్టినవి.

అంతకు ఒక సంవత్సరం వెనక్కి వెళ్లాలి. 1985లో దూరదర్శన్‌లో పంకజ్ కపూర్ క్యారెట్ కొరుకుతూ కరంచంద్‌గా వచ్చాడు. హిందీ రానివాళ్లకి కూడా ఆ క్యారెట్టూ, పక్కన అమాయకంగా ప్రశ్నలు వేసే కిట్టీ చాలు. ఆ ఏడాదే వంశీ అన్వేషణ సినిమా హాళ్లలోకి వచ్చింది. అడవిలో జరిగే చావులు పులి పనో మనిషి పనో తేలక, ఇళయరాజా సంగీతానికి జనం కుర్చీల అంచుకి జరిగారు. అదే ఏడాది జూలై 17న పర్చూరుకి పొరుగునున్న కారంచేడులో దళితుల మీద భూస్వాముల వర్గం దాడి చేసింది. ఆరుగురు చనిపోయారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరారు. ఎవరు చేశారన్నది మొదటి గంట నుంచే తెలుసు. తేలాల్సింది వేరే ఉంది. కోర్టులో నిలబడి చెప్పేదెవరు, చెప్పినవాళ్లు ఊళ్లో బతకగలరా అని. సాక్షి దుడ్డు అలీసమ్మ హత్యకు గురయ్యారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో గానీ రాలేదు.

వినోదం గురించి రాస్తూ దీన్ని ఎందుకు తెచ్చానంటే, ఇంగ్లిషువాళ్ల సరదా హత్య కథకి పునాది ఒక నమ్మకం. ఊరు ప్రశాంతంగా ఉంటుంది, హత్య అక్కడ ఒక వింత, చేసిందెవరో ఎవరికీ తెలీదు, తెలిస్తే చాలు చట్టం తన పని తాను చేసుకుపోతుంది. ఈ నాలుగింటిలో చివరి రెండు మన పల్లెలో నిలవవు. గట్టు తగాదా అయినా, పరువు పేరున చంపినా, పార్టీల కొట్లాట అయినా, చేసిందెవరో టీ కొట్టు దగ్గర తెల్లారేసరికి తెలిసిపోతుంది. ‘ఎవరు’ అన్న ప్రశ్నతో తెలుగు ప్రేక్షకుణ్ణి ఎనిమిది ఎపిసోడ్లు కూర్చోబెట్టడం అందుకే కష్టం. ‘ఎలా రుజువు చేస్తారు’ అంటే కూర్చుంటాడు. ‘ఎలా తప్పించుకుంటాడు’ అంటే తెల్లవార్లూ కూర్చుంటాడు.

2014లో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్ చేసిన దృశ్యం దీనికి ఎదురులేని ఉదాహరణ. మలయాళం మూలమే అయినా మనవాళ్లు దాన్ని పరాయి కథగా చూడలేదు. చనిపోయిందెవరో, చంపిందెవరో చూసేవాడికి ముందే తెలుసు. హీరో పెద్దగా చదువుకోని కేబుల్ టీవీ ఆపరేటరు. పగలూ రాత్రీ సినిమాలు చూసి నేర్చిన తెలివి అతనిది. బస్సు, హోటలు, సినిమా హాలు, అలా ఒక్కో చోట ఒక్కో మనిషిని తనకి తెలీకుండానే సాక్షిగా తయారుచేస్తాడు. హాల్లో ఒక్కరు కూడా పోలీసులు గెలవాలని కోరుకోలేదు. హంతకుడు దొరకాలన్న తహతహ మీద నిలిచే కథారూపాన్ని ఇది తలకిందులు చేసింది, ప్రేక్షకుడు చప్పట్లు కొట్టాడు. సాక్ష్యం అంటే ఏమిటో, దాన్ని ఎలా పుట్టించవచ్చో, ఎలా చంపవచ్చో ఊళ్లో బతికేవాడికి ఒకరు నేర్పక్కర్లేదు.

చట్టం ముచ్చట వచ్చింది కాబట్టి మరో ఫిర్యాదు. ప్రైవేటు డిటెక్టివ్ శవం దగ్గరికి వచ్చి భూతద్దం తీయగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, పోలీసులేం చేస్తున్నారని. శవ పంచనామా, పోస్టుమార్టం, ఎస్సై, సీఐ, రిమాండు, ఇవన్నీ పల్లెల్లో రోజూ వాడే మాటలు. హత్య కేసుని త్రీ నాట్ టూ అనే అలవాటు ఇంకా పోలేదు, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 103వ సెక్షన్ అయినా. మన దగ్గర ప్రైవేటు డిటెక్టివ్‌కి పని దొరికేది ఎక్కువగా పెళ్లి సంబంధాల ఆరాలో, పెళ్లికొడుకు జీతం నిజమా, అలవాట్లేమిటి అని. హత్య కేసులో అతనికి ఏ అధికారమూ లేదు. కాబట్టి డిటెక్టివ్ మన తెర మీదికి రావాలంటే కాస్త జోకర్‌గానే రావాలి. గంభీరంగా వస్తే నమ్మరు.

ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ సరిగ్గా ఆ సందులోంచే దూరింది. 2019 జూన్ 21న విడుదల. స్వరూప్ ఆర్‌ఎస్‌జే మొదటి సినిమా, నవీన్ పోలిశెట్టి హీరో. నెల్లూరులో ఎఫ్‌బీఐ అని బోర్డు పెట్టుకుంటాడు, అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. హాలీవుడ్ సినిమాలు చూసి టోపీ, కోటు తగిలించుకున్న కుర్రాడు. మొదటి గంటలో జనం పగలబడి నవ్వింది అతని ఆడంబరానికీ అతని జేబుకీ మధ్య ఉన్న దూరం చూసి. తర్వాత రైలు పట్టాల పక్కన దొరికే గుర్తు తెలియని శవాల దగ్గరికి కథ చేరుతుంది. దర్శకుడు తెలివైన పని చేశాడు. పేరున్న మనిషి శవం కాదు, ఎవరూ వచ్చి నావాడనని శవం. మన పత్రికల జిల్లా పేజీల్లో నాలుగు వాక్యాల్లో ముగిసిపోయే వార్త అది. అలాంటి శవం విషయంలోనే ఊరికి కూడా జవాబు తెలీదు, కాబట్టి ‘ఎవరు’ అన్న ప్రశ్నకి అక్కడ ప్రాణం ఉంది. అదే సినిమాలో హీరో తల్లి చావు వచ్చేసరికి నవ్వు పూర్తిగా ఆగిపోతుంది, ఆగాలి కూడా. చూసినవాళ్లలో కొందరికి చివరి భాగం బరువనిపించింది. మత విశ్వాసాన్ని అడ్డం పెట్టుకున్న నేరం ఎలా జరిగిందో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. చేలో తిరిగి చెప్పలేని ముగింపు అది. వరస చివరికి వచ్చేసరికి చెప్పేవాళ్లకే సగం గుర్తుండదు.

అదే సంవత్సరం డిసెంబరులో వచ్చిన మత్తు వదలరా ఇంకో దారి తొక్కింది. చాలీచాలని జీతంతో విసిగిపోయిన డెలివరీ కుర్రాడు ఐదు వందల రూపాయలు కొట్టేయబోయి అపార్ట్‌మెంటులో శవం పక్కన తేలతాడు. రితేశ్ రాణా తీసిన ఈ సినిమాలో జనం ఎక్కువ చెప్పుకున్నది హంతకుడి గురించి కాదు, కథ మధ్యలో టీవీలో నడిచే ‘ఓరి నా కొడకా’ అనే ఉత్తుత్తి సీరియల్ గురించి. డైలీ సీరియళ్లని ఏళ్ల తరబడి ఓపిగ్గా చూసినవాళ్లే ఆ వెక్కిరింతకి అందరికన్నా గట్టిగా నవ్వారు. ఏడుపులే కావాలంటారన్న చానళ్ల వాదనకి ఇంతకన్నా చెంపపెట్టు ఏం కావాలి? 2024లో వచ్చిన రెండో భాగంలో హాస్యనటుడు సత్య నవ్వులు ఇంకా పెరిగాయి. హత్య మాత్రం ఎవరికీ పట్టలేదు. హంతకుడెవరో తెలిసిన క్షణంలో హాల్లో చప్పుడు లేకపోతే అది మిస్టరీ కాదు, శవం చుట్టూ పెట్టిన కామెడీ షో.

డైలీ సీరియల్లో నిజానికి హత్యలకి కొదవేం లేదు. పాలల్లో విషం, పాయసంలో విషం, బ్రేకులు తీసేసిన కారు, మేడ మీంచి తోసేసిన కోడలు. వారానికి ఆరు రోజులు, ఏళ్ల తరబడి. విషం కలిపిన గ్లాసు చేతులు మారి చివరికి కుండీలోని మొక్కకి చేరుతుందని చిన్నపిల్లలు కూడా ముందే చెప్పేస్తారు. అందరూ నవ్వుతారు. తీసినవాళ్లు అనుకోని నవ్వు అది. సోనీలో 1998 నుంచి ఇరవై ఏళ్లు నడిచిన సీఐడీకి పట్టిన గతీ ఇదే. అందులో ఇన్‌స్పెక్టర్ దయ తలుపు పగలగొట్టడం, ఏసీపీ ప్రద్యుమ్న్ వేళ్లు తిప్పడం దేశం మొత్తానికి జోకులయ్యాయి. తీసినవాళ్లు గంభీరంగానే తీశారు, తేలిక చేసుకున్నది చూసేవాళ్లు. మంచి సరదా మిస్టరీ దొరకని చోట ప్రేక్షకుడు ఉన్నదాన్నే సరదాగా మార్చుకుంటాడు.

అయితే విషం విషయంలో ఈ పత్తి నేలకి ఒక హద్దు ఉంది. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసి విషాల గురించి నేర్చుకుంది. ఆమె కథల్లో విషం చదువుకున్నవాళ్ల ఆయుధం. ఇక్కడ అది పశువుల కొట్టంలో, గడ్డివాము పక్కన, స్ప్రేయింగ్ డబ్బాతో పాటు ఉంటుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు ప్రకాశం జిల్లా రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయ్యాయి. వెండి గ్లాసులో పాయసం చూసి నవ్వే ఇంట్లోనే తెర మీద పురుగుమందు డబ్బా కనిపిస్తే మాట పడిపోతుంది. ఇది రాసి పెట్టిన నియమం కాదు. కథ రాసేవాడికి ఈ నేల తెలిస్తే దానంతటదే తెలుస్తుంది.

ఓటీటీలు వచ్చాక పరిస్థితి మారుతుందనుకున్నారు. ఆరు, ఎనిమిది ఎపిసోడ్లలో కథ ముగించవచ్చు కాబట్టి మారాలి కూడా. చిక్కుముడి కథకి ముగింపు ప్రాణం, డైలీ సీరియల్‌కి ముగింపు గండం. ఆ రెండూ ఒక ఒరలో ఇమడవు. 1990లలో ఈటీవీలో వచ్చిన లేడీ డిటెక్టివ్‌నీ, దూరదర్శన్‌లో రజిత్ కపూర్ చేసిన బ్యోమకేశ్ బక్షీనీ నడివయసువాళ్లు ఇప్పటికీ ముద్దుగా తలుచుకోవడానికి ఒక కారణం, వాటిలో కేసు తేలేది. కానీ కొత్త వేదికలు తెలుగులో హత్యని ఎక్కువగా బరువుగానే చూపించాయి. 2022లో జీ5లో వచ్చిన గాలివాన బీబీసీ సిరీస్ నుంచి తీసుకున్నది. కొత్త దంపతుల హత్య చుట్టూ నడిచే ఆ కథని రాధిక, సాయికుమార్ మోశారు, అక్కడ నవ్వుకి చోటెక్కడ? అదే వేదికలో 2024 నవంబరులో వచ్చిన వికటకవి 1970ల నాటి అమరగిరి అనే ఊరికి తీసుకెళ్లింది. నరేశ్ అగస్త్య చేసిన పరిశోధకుడి పేరు రామకృష్ణ. పేరులో ఉన్న చమత్కారం కథనంలోకి పూర్తిగా దిగలేదని నా అభిప్రాయం. వాతావరణం మాత్రం చూసేవాళ్లకి బాగానే పట్టింది.

బయటి దేశాల్లో ఈ రుచి ఎంత పాతదో చెప్పాలంటే మర్డర్ షీ రోట్ ఒక్కటి చాలు. 1984 నుంచి 1996 దాకా అమెరికాలో పన్నెండు సీజన్లు నడిచింది. రిటైరైన టీచరమ్మ జెస్సికా ఫ్లెచర్ ఏ విందుకెళ్లినా అక్కడ ఎవరో ఒకరు పోతారు. ఈవిడని పిలవకపోతే ఊరు బాగుపడుతుందని చూసేవాళ్లే జోకులేసుకున్నారు, చూడటం మాత్రం మానలేదు. 2021లో మొదలైన ఓన్లీ మర్డర్స్ ఇన్ ది బిల్డింగ్‌లో న్యూయార్క్ అపార్ట్‌మెంటువాసులు ముగ్గురు తమ భవనంలో దొరికిన శవం మీద పాడ్‌కాస్ట్ మొదలుపెడతారు. చనిపోయినవాడి సంతాప సభలో ఇరుగుపొరుగుకి కన్నీళ్లు రావు. మన నగరాల్లోని పిల్లలు దాన్ని ఇష్టంగా చూస్తున్నారు. ఊళ్లో ఉన్న వాళ్ల అమ్మానాన్నలకి చూపిస్తే అడిగేది ఒకటే, ఆ అబ్బాయికి ఎవరూ లేరా, దినం ఎవరు చేశారు అని.

ఆ ప్రశ్నని ఛాదస్తమని కొట్టిపారేయకూడదు. నా లెక్కలో తెలుగు సరదా మిస్టరీకి తాళంచెవి అక్కడే ఉంది. మనవాళ్లు చావింట్లో నవ్వరనుకోవడం పొరపాటు. శవం లేవకముందే పంపకాల గొడవ, పదకొండో రోజు భోజనాల్లో వంకలు, ఏళ్ల తర్వాత ఎదురుపడ్డ బావమరుదుల ఎత్తిపొడుపులు, ఇవన్నీ ప్రతి ఊళ్లో చెప్పుకు నవ్వేవే. 2023 మార్చిలో వేణు యెల్దండి తీసిన బలగం దీన్ని తెర మీద రుజువు చేసింది. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు, నవ్వి, ఏడ్చారు. దాన్ని ఎవరూ మిస్టరీ అనలేదు గానీ నిర్మాణం చూస్తే అచ్చంగా మిస్టరీయే. పెద్దాయన కొమురయ్య పోయాడు. పెట్టిన పిండం కాకి ముట్టలేదు. అది ఆధారం. ఆయన మనసు ఎవరు కష్టపెట్టారు? కొడుకా, కూతురా, అల్లుడా, మనవడా? ఒక్కొక్కరూ అనుమానితులే, ఒక్కొక్కరి దగ్గరా ఏదో దాచిన మాట ఉంది. చూసేవాడు కాకి వెంట పరిశోధన చేస్తాడు. హత్య లేదు, డిటెక్టివ్ లేడు, పోలీసు లేడు. ‘ఎవరు’ అన్న ప్రశ్న మాత్రం చివరిదాకా సలసల కాగుతూనే ఉంటుంది. పోయినవాడికి పేరుంది, బలగం ఉంది, అతనికి జరగాల్సింది జరుగుతోంది, కాబట్టి నవ్వినా తప్పనిపించలేదు.

రాసేవాళ్లు క్రిస్టీ మేడలు వదిలి ఈ పక్కకి వస్తే పర్చూరులోనే బోలెడు సరుకుంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిరప టిక్కీలు ధర పెరిగేనాటికి తక్కువ పడటం, మొలకెత్తని నకిలీ విత్తనాల పాకెట్టు మీద బిల్లు లేకపోవడం, కౌలు రైతు పేరు లేని చోట పరిహారం జాబితాలో ముక్కూమొహం తెలీనివాడి పేరు ఉండటం. ఒక్కొక్కటీ ఆరు ఎపిసోడ్లకి సరిపడా చిక్కుముడి. వీటిలో జవాబు ఊరికి సగమే తెలుసు, మిగతా సగానికి కాగితం కావాలి. పరిశోధకుడిగా ఒక వీఆర్వోని పెడితే చాలు. కోటూ భూతద్దమూ అక్కర్లేదు, మోటారు సైకిలుకి తగిలించిన సంచీ, అందులో అడంగల్ కాగితాలు ఉంటే సరి. ఏ గట్టు రాయి ఏ రాత్రి ఎంత జరిగిందో ఆయనకి ఎప్పుడో తెలుసు. మొదటి ఎపిసోడ్‌లో అడిగితే చెప్పడు, అంతే.